గరీబు అంటే పరాయివాడు

టోలిచౌకి పేరు చెబితే ఊళ్లో చాలామందికి గుర్తొచ్చేవి ఫ్లైఓవరు, ఫంక్షన్ హాళ్లు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే హోటళ్లు. ఒక పక్క గోల్కొండ కోట, ఇంకో పక్క మెహిదీపట్నం, పైన గుట్టల మీద ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. వీటి మధ్య ఇరుక్కున్న కాలనీల్లో పారమౌంట్ కాలనీ ఒకటి. సూడాన్, సోమాలియా, యెమెన్, ఇరాక్, నైజీరియా దేశాల నుంచి చదువు కోసం వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఇక్కడ గదులు తీసుకుని ఉంటున్నారు. ఉస్మానియాలో, నిజాం కాలేజీలో, ఇఫ్లూలో, జేఎన్టీయూలో చదువుతారు. సాయంత్రానికి ఈ సందుల్లోకి చేరతారు. అరబీలో 'ప' అక్షరం లేదు. అందుకని వాళ్ల నోట ఈ కాలనీ 'బారమౌంట్'. ఆటోవాళ్లకు అదీ అలవాటైపోయింది.

పత్రికాఫీసులో ఒక మిత్రుడు అడిగాడు: "వాళ్లు మీవాళ్లే కదా, వాళ్లతో మీకు ఇబ్బందేముంటుంది?" అడిగినవాడు చెడ్డవాడు కాదు, చదువుకున్నవాడు. కానీ ఆ 'మీవాళ్లు' అన్న మాటలో రెండు పొరపాట్లున్నాయి. మతం ఒకటైతే భాష కూడా ఒకటే అయి ఉంటుందనుకోవడం ఒకటి. గోడ మీద అరబీ రాత కనిపిస్తే ఆ ఇల్లు ఈ నేలది కాదనుకోవడం రెండోది. మొదటి పొరపాటు మన ముసల్మానులూ చేస్తారు. మసీదు మెట్ల మీద సూడాన్ పిల్లవాడు సలాం చెబుతాడు. మనవాళ్లు జవాబు చెబుతారు. వాడు రెండో వాక్యం మొదలుపెట్టగానే మనవాళ్ల ముఖాలు తెల్లబోతాయి. చిన్నప్పట్నుంచి ఖురాన్ చదివినవాళ్లమే. అర్థం తెలియకుండా, అక్షరం తప్పకుండా చదివినవాళ్లం. అవే అక్షరాలతో ఒక మనిషి 'మందుల షాపు ఎక్కడుంది' అని కూడా అడగగలడని మనకెప్పుడూ తట్టలేదు.

ఉర్దూలో బోలెడు అరబీ మాటలున్నాయి కదా, వాటితో నెట్టుకురావచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే తిరకాసు. గరీబు అనే మాట తీసుకోండి. ఉర్దూలో గరీబ్ అంటే బీదవాడు. మన తెలుగు పల్లెల్లో గరీబోళ్లు అన్నా అంతే. అరబీలో గరీబ్ అంటే పరాయివాడు, ఊరు కాని ఊళ్లో ఉన్నవాడు. 'నేను ఇక్కడ గరీబును' అని యెమెన్ పిల్లవాడు చెబితే, పాపం డబ్బుల్లేవనుకుని మన కిరాణా చాచా ఉద్దెర ఖాతా తెరుస్తాడు. ఆ తెరవడం మంచిదే. కానీ వాడు చెప్పింది అది కాదు.

ఇట్లాంటివి ఎన్నో. అరబీలో తక్రార్ అంటే చెప్పిందే మళ్లీ చెప్పడం. ఉర్దూలో అది తగాదా. తెలుగు కోర్టు కాగితాల్లో తకరారు అంటే అభ్యంతరం. జులూస్ అంటే అరబీలో కూర్చోవడం. మనం దాన్ని లేపి వీధుల్లో ఊరేగింపుగా నడిపించాం. ఇన్‌కిలాబ్ అనగానే మనకు ఒళ్లు పులకరిస్తుంది. సూడాన్‌వాడికి ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే వాడి భాషలో అది సైన్యం రాత్రికి రాత్రి గద్దె లాక్కోవడం, వాడి దేశం ఎన్నోసార్లు చూసింది. సాహిబ్ అంటే అరబీలో తోడుండేవాడు, స్నేహితుడు. ఉర్దూలో దొర అయ్యాడు. తెలుగులో సాయిబు అయ్యేసరికి మతం పేరైపోయింది. ఒక్క మాట మూడు భాషలు దాటేసరికి స్నేహితుడు కాస్తా 'వాళ్లు' అయిపోయాడు.

ఉచ్చారణ సంగతి వేరే. హైదరాబాదీలం గొంతు లోతు నుంచి పలకాల్సిన 'ఖాఫ్' అక్షరాన్ని 'ఖే'గా పలుకుతామని ఉత్తరాది ఉర్దూవాళ్లు ఎప్పుడూ నవ్వేవాళ్లు. సమాధినీ ఖబర్ అంటాం, వార్తనీ ఖబర్ అంటాం. ఆ నవ్వు లక్నోవాళ్లతో పోయిందనుకుంటే ఇప్పుడు అరబ్బులు వచ్చారు. మా దఖనీ వాళ్లకు ఉర్దూ పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. 'నక్కో', 'హౌ', 'కైకు' - ఇవి ఏ దేశం నుంచి వచ్చినవాడైనా టోలిచౌకిలోనే నేర్చుకోవాలి. ఇంకో తమాషా. పెద్దవాణ్ని పలకరించాలంటే సూడాన్ పిల్లలు 'యా అమ్మ్' అంటారు, బాబాయ్ అని దానర్థం. కూరగాయల బండి దగ్గర తెలుగు ఆయనకు 'అమ్మ' అని వినిపిస్తుంది. ఆయన చుట్టూ చూస్తాడు, ఎవరి అమ్మ అని.

మరి వాళ్లకు తెలిసిన మాటలు ఎక్కడా లేవా అంటే, ఉన్నాయి. ఎవరూ వెతకని చోట ఉన్నాయి. తెలుగు బడిలోకి పోయి చూడండి. కుర్చీ అరబీ కుర్సీ. కలం అరబీ కలమే. పంతులు వేసే ప్రశ్నకు పిల్లలు ఇచ్చే జవాబు అరబీ. నల్లబల్ల మీద రాసే తారీఖు అరబీ. పొద్దున్నే పిలిచే హాజరు అరబీ, వాళ్లు హాదిర్ అంటారు. బాకీ, ఖాళీ, అసలు, నకలు, మామూలు, హక్కు - చివరికి రైతు కూడా. వీటిని ఎవరూ దిగుమతి సరుకు అనుకోరు. రైతు కన్నా తెలుగైన మాట ఏముంది? మాట ఇక్కడిదైపోయింది. ఆ మాటను వెంటబెట్టుకొచ్చినవాళ్ల మనవలు మాత్రం ఇంకా రుజువులు చూపించుకుంటూ తిరుగుతున్నారు.

గరీబు అనే మాటకు పరాయివాడు అన్న అర్థం దక్కన్‌లో కూడా ఒకప్పుడు ఉండేది. బహమనీల కాలంలో ఇరాన్ నుంచీ అరబ్బు దేశాల నుంచీ వచ్చి కొలువులో చేరినవాళ్లను ఆఫాకీలనేవారు, గరీబులనీ అనేవారు. తరతరాలుగా ఇక్కడున్నవాళ్లు దఖనీలు. ఇద్దరూ ముసల్మానులే. ఇద్దరికీ పడేది కాదు. ఆ గరీబుల్లో పెద్దవాడు ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్. బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో బీదర్‌లో పెద్ద మదర్సా కట్టించాడు. దూరదేశాల పండితుల్ని పిలిపించి పాఠాలు చెప్పించాడు. దానికి మూడంతస్తులు, రంగు పెంకుల గోడలు. సగం కూలినా ఇప్పటికీ చూడదగ్గదే. 1481లో దఖనీ వర్గంవాళ్లు దొంగ ఉత్తరం పుట్టించి, ఆయన శత్రువుతో చేతులు కలిపాడని సుల్తాన్‌ను నమ్మించి తల తీయించారు. బయటినుంచి వచ్చినవాడు ద్రోహి అయి ఉంటాడని నమ్మించడం ఎంత సులువో చూడండి. నమ్మించినవాళ్లూ నమాజు చేసేవాళ్లే. మనమీద ఇప్పుడు వాడుతున్న ఆయుధాన్ని అప్పుడు మనలో మనమే వాడుకున్నాం.

ఇదే చరిత్రలో దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ కూడా ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన గరీబే. ఆయన కొడుకు ఇబ్రహీం, అన్న జంషీద్ పాలనలో ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. దాదాపు ఏడేళ్లు అక్కడే ఉన్నాడు. వయసులో ఉన్న రాకుమారుడు, సొంత ఊరు కాదు, సొంత భాష కాదు. ఆ ఏడేళ్లు ఆయనకు తెలుగు చదువు అనే చెప్పాలి. 1550లో గోల్కొండ గద్దెనెక్కి ముప్పై ఏళ్లు ఏలాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతిచరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృతం కలవకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యమని మన సాహిత్య చరిత్రలన్నీ చెప్పే పుస్తకం అదే. అచ్చ తెలుగును అచ్చంగా పోషించింది ఒక ఖాన్. దీన్ని పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నగా అడుగుతారు, అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడరు.

ఇబ్రహీం 1565లో అన్నం పెట్టిన రామరాయల మీదికే మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. అదీ చెప్పుకోవాలి. రాజులకు భాష మీద ప్రేమ ఉన్నంత మాత్రాన రాజ్యం మీద ఆశ తగ్గదు. ఆయన సమాధి ఏడు గుంబజుల్లో ఉంది. పారమౌంట్ కాలనీ నుంచి ఆటోలో పోతే ఎంతోసేపు పట్టదు. దారిలో షేక్‌పేట సరాయి ఉంది, గోల్కొండకు వచ్చే బాటసారులు దిగడానికి కుతుబ్‌షాహీల కాలంలో కట్టింది. పరాయివాళ్లు వచ్చి బస చేయడం ఈ వాలుకు కొత్తేమీ కాదు.

ఇక్కడ మనల్ని మనం పొగుడుకుని ఆగిపోతే చరిత్ర అబద్ధమైపోతుంది. చదువు కోసం పరాయి భాషలోకి వెళ్లడానికి దేశం దాటక్కర్లేదు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు, కాస్త అటూ ఇటూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు, లెక్కలు చెప్పడం ఆ రోజుల్లో మామూలు సాహసం కాదు. మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యంలో దారుల్ తర్జుమా అని అనువాదాల సంస్థ పెట్టి, ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి దించారు. ఇంగ్లీషు దొరతనానికి అది గట్టి జవాబు. మన పెద్దలు దాన్ని తలుచుకుని ఇప్పటికీ మీసం దువ్వుతారు. దువ్వడంలో తప్పులేదు. కానీ కరీంనగర్ పల్లె నుంచి బడికొచ్చిన తెలుగు పిల్లవాడికి ఆ ఉర్దూ పక్కింటి భాష కాదు, పక్క దేశం భాష. లెక్క వచ్చినా లెక్క పేరు రాక దెబ్బలు తిన్న పిల్లలెందరో. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్లగొడితే, విద్యార్థులు చదువు కోసం నాగపూర్ వెళ్లాల్సొచ్చింది. సొంత రాజ్యంలోనే గరీబులై, ఇంకో రాష్ట్రంలో ఇంకోసారి గరీబులయ్యారు.

ఆ ఉర్దూ మాధ్యమంలోంచే సి. నారాయణరెడ్డి వచ్చారు. బడి చదువూ, బి.ఏ. కూడా ఉర్దూలోనే. తర్వాత తెలుగు ఆచార్యుడయ్యారు, జ్ఞానపీఠం అందుకున్నారు. 1962లో గులేబకావళి కథతో సినిమా పాటలు మొదలుపెట్టారు. తెలుగు పాటకు గజల్ నడక అంత హాయిగా ఎలా అబ్బిందంటే, ఆ బాల్యంలో వెతుక్కోవాలి. బలవంతంగా తలకెత్తిన భాషను కూడా కొందరు సొంతం చేసుకుంటారు. అంతమాత్రాన ఆ బలవంతం మంచిదైపోదు, ఆ సొంతం చేసుకోవడం చిన్నదీ కాదు. ఫిల్మ్‌నగర్ ఈ సంగతి మర్చిపోయినట్టుంది. కిందికి దిగితే టోలిచౌకి, అక్కడి ముసల్మాను పిల్లలు తెలుగులో తిట్టుకుంటూ క్రికెట్ ఆడతారు. సినిమాలో ముసల్మాను మాత్రం యాభై ఏళ్లుగా 'నువ్వు ఎక్కడ పోతాడు' అనే మాట్లాడుతున్నాడు.

దేశం దాటిపోయిన మనవాళ్ల సంగతి కూడా చూడాలి. 1895లో పదహారేళ్ల సరోజిని, అప్పటికింకా నాయుడు కాలేదు, ఆరో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీ, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్. కానీ ఆమె పరాయి భాషలోకి వెళ్లింది ఓడెక్కినప్పుడు కాదు. తొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ రోజంతా గదిలో పెట్టి తలుపేశారు. బయటికొచ్చాక ఇక ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదట. తల్లి హిందుస్తానీలో అడిగితే కూతురు ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఇది ఆమే స్వయంగా రాసుకున్న సంగతి. హైదరాబాద్‌లో ఒక మూసిన తలుపు వెనకే ఆమె విదేశీ చదువు మొదలైంది.

రజీయుద్దీన్ సిద్దీఖీ కథ ఇంకో రకం. ఉస్మానియాలో ఉర్దూలో లెక్కలు చదివి కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడినుంచి జర్మనీ వెళ్లి లీప్‌జిగ్‌లో హైజెన్‌బెర్గ్ దగ్గర డాక్టరేట్ చేశారు. అయితే నన్ను ఎక్కువగా నిలబెట్టేది ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. బాన్ వెళ్లి ఇస్లామిక్ అంతర్జాతీయ న్యాయం మీద జర్మన్‌లో పరిశోధన చేశారు. పారిస్ వెళ్లి ప్రవక్త కాలపు దౌత్యం మీద ఫ్రెంచిలో ఇంకో డాక్టరేట్ 1935లో పుచ్చుకున్నారు. తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు బయట నెగ్గుకురాలేడని ఇప్పుడు మా పిల్లలకు చెప్పే మేష్టార్లకు ఈ పేరు వినిపించాలి. సొంత భాషలో ఆలోచించడం నేర్చినవాడికి పరాయి భాష కష్టమే అవుతుంది, కానీ అది గోడ కాదు. సొంత భాషే సరిగ్గా ఇవ్వకుండా పరాయి భాషలోకి తోసినవాడికే అది గోడ.

1948లో హమీదుల్లా హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. ఆయన అక్కడుండగానే సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. పంపిన రాజ్యమే లేకుండా పోయింది. ఆయన పారిస్‌లో ఉండిపోయారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోకుండా దశాబ్దాలపాటు శరణార్థిగానే బతికారు. 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. 2002లో అమెరికాలో చనిపోయారు. విద్యార్థిగా వెళ్లిన ఊరే చివరికి ఇల్లయింది, ఇంటి పేరు మాత్రం కాలేదు.

ఇక్కడ మిగిలినవాళ్లకు ఇంకో రకం పరాయితనం వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఉస్మానియా ఉర్దూ వదిలి ఇంగ్లీషులోకి మారింది. నిన్నటిదాకా తరగతిలో ముందు బల్ల మీద కూర్చున్నవాడు, ఎక్కడికీ కదలకుండానే విదేశీ విద్యార్థి అయిపోయాడు. అధికారి భాష పోయింది, సరే. దాన్ని మోసిన బీద ముసల్మాను భాష కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది. జాగీర్దారుకూ, జట్కావాడికీ ఒకే శిక్ష పడింది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాషగా ప్రకటించారు. అప్పటికి ఉర్దూలో అర్జీ రాయగలిగినవాళ్లే అరుదైపోయారు.

ఈ వెనకటి కథ తెలిస్తే గానీ పారమౌంట్ కాలనీ పిల్లలు ఇంగ్లీషు కోసం ఎందుకింత దూరం వచ్చారో అర్థం కాదు. ఖార్టూమ్ విశ్వవిద్యాలయం బ్రిటిష్‌వాళ్లు పెట్టిన గోర్డన్ కాలేజీ నుంచి పుట్టింది. ఇంగ్లీషులోనే నడిచేది. 1990లో సూడాన్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాలన్నిటినీ అరబీలోకి మార్చాలని నిర్ణయించింది. ఉస్మానియా ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు వస్తే, ఖార్టూమ్ ఇంగ్లీషు నుంచి అరబీకి పోయింది. అక్కడా అదే తగవు. అరబీ ఇంటిభాష కాని దక్షిణాదివాళ్లు మండిపడ్డారు. 2011లో వాళ్లు విడిపోయి దక్షిణ సూడాన్ అయ్యాక అధికార భాషగా ఇంగ్లీషునే పెట్టుకున్నారు. సోమాలియాలో ఇంకో కథ. సోమాలీ భాషకు ఏ లిపి ఉండాలన్న గొడవ ఎంతోకాలం నడిచి, 1972లో ఇంగ్లీషు అక్షరాలు ఖాయం చేశారు. పోటీలో నిలిచి ఓడిన లిపుల్లో ఒకటి 1920ల్లో ఉస్మాన్ యూసుఫ్ కెనదీద్ తయారుచేసింది. దాని పేరు ఉస్మానియా! మన ఉస్మానియాకీ దానికీ చుట్టరికం లేదు. కానీ సొంత అక్షరం కోసం రెండు చోట్లా ఒకే కాలంలో పడ్డ తపన మాత్రం ఒకటే.

ఇట్లా వచ్చినవాళ్లలో కొందరు సొంత ఖర్చుతో వస్తారు. కొందరు భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చే స్కాలర్‌షిప్ మీద వస్తారు. 1950లో ఆ మండలిని పెట్టినవారు మౌలానా ఆజాద్. ఆయన 1888లో మక్కాలో పుట్టారు, తల్లి అరబ్బు. పసితనంలోనే కుటుంబంతో కలకత్తా వచ్చి, తర్వాత ఉర్దూ గద్యానికే పెద్ద దిక్కయ్యారు. ఈ దేశపు మొదటి విద్యామంత్రి చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన భాష, ఇప్పుడు టోలిచౌకి టీ కొట్టు దగ్గర వినిపిస్తే మనకు అనుమానంగా ఉంటుంది.

పిల్లవాడు దిగీదిగగానే మొదటి పాఠం పోలీసుది. ఆరు నెలలు దాటే వీసా అయితే పద్నాలుగు రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చినాయన ఒక ఫారం నింపాలి. ఫారం పేరు వినగానే సగంమంది ఇంటి యజమానులు తలుపేసుకుంటారు. మిగతా సగం అద్దె పెంచుతారు. రెండో పాఠం అంకెలది. అరబీ అంకెల్లో సున్నా ఒక చుక్క. అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఫీజు రసీదు నుంచి బస్సు నెంబరు దాకా కొన్నాళ్లు కళ్లు మోసం చేస్తాయి. ఆ తర్వాత క్లాసు. పాఠం ఇంగ్లీషే, కానీ లెక్చరరు గారు కష్టమైన చోటికి వచ్చేసరికి అందరికీ అర్థం కావాలని తెలుగులోకి దిగుతారు. సరిగ్గా అందుకోవాల్సిన చోటే వీళ్ల చేయి జారుతుంది. పక్కన తెలుగు స్నేహితుడుంటే గట్టెక్కుతారు. లేకపోతే హాజరు శాతం దగ్గరా, మిగిలిపోయిన పేపర్ల దగ్గరా తేలతారు.

మదర్సా అనే మాటైతే ప్రాణం మీదికి తెస్తుంది. అరబీలో మదర్సా అంటే బడి. ఏ బడైనా. లెక్కలూ సైన్సూ చెప్పే సర్కారు బడి కూడా మదర్సాయే. 'ఖార్టూమ్‌లో మదర్సాలో చదివాను' అని ఒక పిల్లవాడు అమాయకంగా చెబితే, ఇక్కడ వినేవాడి కనుబొమ ఎక్కడిదాకా పోతుందో చెప్పక్కర్లేదు. ఆ కనుబొమలు మనకు పాత పరిచయమే.

ఇక మనవాళ్ల కనుబొమల సంగతి. జమాతులో భుజానికి భుజం ఆనించి నిలబడతాం. బయటికొచ్చి చెప్పులేసుకున్నాక ఆ నల్ల పిల్లవాణ్ని 'హబ్షీ' అని వెనకనుంచి పిలిచే కుర్రాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. పెద్దవాళ్లు వినీ విననట్టుంటారు. హబ్షీలు ఈ దక్కన్‌కు చేసింది తెలిస్తే ఆ మాట తిట్టుగా నోటికి రాదు. అహ్మద్‌నగర్‌ను నిలబెట్టి మొఘలుల్ని ఏళ్ల తరబడి అడ్డుకున్న మలిక్ అంబర్ ఇథియోపియా నుంచి బానిసగా వచ్చినవాడు. మన ఊళ్లో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపుదళంలో పనిచేసిన సిద్దీల పేట అది. వాళ్ల మనవలు ఇప్పుడు మనలాగే దఖనీ మాట్లాడతారు. బార్కస్‌లో ఉన్న చావుష్‌లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ల సంతానం. 1948 తర్వాత అరబ్బుల్ని విదేశీయులని పట్టి నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. మిగిలినవాళ్లలో ఎక్కువమందికి ఇప్పుడు అరబీ రాదు. టోలిచౌకికి వచ్చిన యెమెన్ పిల్లవాడు బార్కస్ వెళ్తే తన తాతల ఊరి ఇంటిపేర్లు వింటాడు, పలకరించడానికి మాత్రం ఇంగ్లీషు వెతుక్కోవాలి.

ఇంకో మాట చెప్పి ఆపుతాను. టోలిచౌకి ప్రాంతంలో ఇంగ్లీషు నేర్పే కోచింగ్ సెంటర్లకు లెక్కలేదు. ఒకే గదిలో రెండు రకాల పిల్లలు కూర్చుంటారు. ఇక్కడి కాలేజీలో నిలదొక్కుకోవడానికి ఇంగ్లీషు కావాల్సిన సూడాన్, యెమెన్ పిల్లలు. అమెరికా వీసా కోసం మార్కులు కావాల్సిన మన పిల్లలు. 2023-24లో అమెరికాలో చదివే భారతీయులు 3,31,602 మంది. ఆ అంకెలో ఈ సందుల వాళ్లూ ఉన్నారు. ఒకడు వచ్చిన దారిలోనే ఇంకొకడు పోతున్నాడు. అక్కడికి పోయాక మనవాడూ ఇంటి కోసం తిరుగుతాడు, ప్రొఫెసరు యాస అందక తికమకపడతాడు, గడ్డం చూసి ఎవడో ఏదో అంటాడు. ఆ కష్టాలన్నిటి గురించి ఇక్కడే, పక్క కుర్చీవాణ్ని అడిగి తెలుసుకోవచ్చు. అడిగేవాళ్లు తక్కువ.

ఆ గదిలోనే నేను విన్న ఒక సంభాషణ ఉంది. మనవాడు తనను తాను 'ముస్లిం, నీలాగే' అని పరిచయం చేసుకున్నాడు. అవతలివాడు నవ్వి, 'అది సరే, నువ్వు హిందీ' అన్నాడు. మనవాడికి అర్థం కాలేదు, తనది హిందీ కాదు ఉర్దూ అని దిద్దబోయాడు. అరబీలో హిందీ అంటే భాష కాదు, హిందూస్థాన్ మనిషి అని. గల్ఫ్‌లో చెమటోడ్చిన మన బాబాయిలందరికీ ఈ మాట తెలుసు. జిద్దాలోనైనా దుబాయ్‌లోనైనా అరబ్బుకు మనం హిందీలమే. మక్కాలో కూడా హిందీలమే. మన దేశం ఏదన్న విషయంలో ఏ అరబ్బుకూ ఏనాడూ అనుమానం రాలేదు. ఆ అనుమానం ఇక్కడివాళ్లకే వస్తుంది.

2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. యెమెన్‌లో అంతకు చాలా ముందు నుంచే ఉంది. చదువు ముగిసినా తిరిగి వెళ్లడానికి ఊరు మిగలనివాళ్లు, వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు, ఇంటినుంచి డబ్బు ఆగిపోయినవాళ్లు ఈ కాలనీలో కనిపిస్తారు. కిరాణా చాచా ఉద్దెర పుస్తకంలో వాళ్ల పేర్లున్నాయి, ఉర్దూలో రాసుకున్నాడు. పక్కన మొత్తాలు మాత్రం ఇంగ్లీషు అంకెల్లో వేశాడు, వాళ్లకు అయిదూ సున్నా తారుమారు కాకుండా.